అమెరికా భూములు కలుపుకోవడం, పెత్తనం చేయడం రెండూ ఒకటేనా? పదికి మూడు మార్కులొచ్చాయి

ఎడమకాలువ_హాలియా అడిగారు:

అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె. రెండేళ్లుగా నల్లగొండ రామగిరిలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాను. పోయిన ఆదివారం కోచింగ్‌లో మాక్ టెస్ట్ పెట్టారు. అందులో ఒక ప్రశ్న: "అమెరికా భూభాగ విస్తరణను ఆధిపత్యంగా పరిగణించవచ్చా? చర్చించండి." పది మార్కులు.

నేను రెండు పేజీలు నింపాను. 1803లో ఫ్రాన్స్ దగ్గర లూసియానా కొన్నారు. 1819 ఒప్పందంతో స్పెయిన్ నుంచి ఫ్లోరిడా వచ్చింది. 1845లో టెక్సాస్ కలిసింది. 1848లో మెక్సికో నుంచి కాలిఫోర్నియా వైపంతా, 1867లో రష్యా దగ్గర అలాస్కా, 1898లో హవాయి, ప్యూర్టోరికో, ఫిలిప్పీన్స్. ఒక్క సంవత్సరం కూడా తప్పు పోలేదు. చివర్లో "కాబట్టి ఇది ఆధిపత్యమే" అని రాసి కింద గీత కూడా కొట్టాను. మూడు మార్కులు! పక్కన ఎర్ర పెన్నుతో "జవాబు కాదు, పట్టిక" అని రాశారు. సార్‌ని అడిగితే "విస్తరణ వేరు, ఆధిపత్యం వేరు, సామ్రాజ్యవాదం వేరు, ముందు అది తెలుసుకో" అని ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు.

సాయంత్రం గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతుంటే మా రూమ్మేట్‌తో ఇదే పంచాయితీ. వాడంటాడు, "దేశం పెరిగింది, అంతే. కాకతీయులు పెరగలేదా? పైసలిచ్చి కొన్నదాన్ని కూడా పెత్తనం అంటే, మీ నాయన పక్క బత్తాయి తోట కొన్నది కూడా పెత్తనమే." నాకు జవాబు తట్టలేదు. నిజమే, మా నాన్న 2009లో పక్కాయన తోట రెండెకరాలు కొన్నాడు. ఆ అమ్మినాయన అప్పుల్లో ఉన్నప్పుడు కొన్నాడు. ఆ ముక్క మాత్రం వాడికి చెప్పలేదు.

ఇంతకీ నా డౌట్ ఇది. డబ్బిచ్చి కొన్న భూమి ఒకటి, యుద్ధం చేసి గుంజుకున్నది ఒకటి, కొనకుండా గుంజుకోకుండా తన మాట నెగ్గించుకునే చోటు ఇంకొకటి. మూడింటికీ ఒకే పేరు పెట్టొచ్చా? నిర్వచనాలు నా దగ్గర ఉన్నాయి, నోటికొస్తాయి కూడా, బుర్రకెక్కడం లేదు. మామూలు మాటల్లో చెప్పండి.

---

వనపర్తి_సోషల్‌సార్:

బాబూ, ముప్ఫై నాలుగేళ్లు సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. నీ జవాబులో తారీఖులు బాగున్నాయి, దిద్దినాయన చెప్పిందీ తప్పు కాదు. దీనికోసం అమెరికా దాకా పోనక్కర్లేదు, మన పాలమూరులోనే చూడు.

వనపర్తి, గద్వాల, జటప్రోలు, అమరచింత. ఈ సంస్థానాల రాజులకు కోటలున్నాయి, కచేరీలున్నాయి, శిస్తు వాళ్లే వసూలు చేసుకునేవారు. ఏటా నిజాంకి పేష్కష్, అంటే కప్పం, కట్టి, ఆయన గొప్పని ఒప్పుకునేవారు. సరే, ఆ నిజాం ఎవరికి ఒంగాడు? హైదరాబాద్ కోఠిలో ఆ తెల్ల స్తంభాల భవనం, ఆడపిల్లల కాలేజీ (ఇప్పుడు యూనివర్సిటీ చేశారు) ఉన్నది, అది ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. 1798లో నిజాం సైన్య సహకార ఒప్పందం మీద సంతకం పెట్టాడు. కంపెనీ పటాలం హైదరాబాద్‌లో ఉంటుంది, ఖర్చు నిజాంది. ఆ ఖర్చు కిందనే 1800లో కడప, బళ్లారి వైపు జిల్లాలన్నీ రాసిచ్చాడు.

ఇప్పుడు తేడా చూడు. సర్కారు జిల్లాల్లో, కడప వైపు కంపెనీ కలెక్టర్ దిగి శిస్తు వసూలు చేశాడు. అది విస్తరణ. మన దగ్గర నాణెం నిజాందే, శిస్తు నిజాందే, కోర్టు నిజాందే. కానీ దివాన్‌గా ఎవరుండాలో బ్రిటిష్ ప్రతినిధికి, అంటే రెసిడెంట్‌కి, నచ్చాలి. అది ఆధిపత్యం. ఇంగ్లీషువాళ్లు వాడే మాట "హెజిమొనీ" గ్రీకు నుంచి వచ్చింది, దానికి అసలు అర్థం నాయకత్వం. ఏథెన్స్ మిగతా గ్రీకు నగరాలను కలుపుకోలేదు. కూటమి పెట్టి, చందా వసూలు చేసి, చివరికి ఆ ఖజానాను డెలోస్ దీవి నుంచి తన ఊరికి తెచ్చుకుంది.

బేరార్ (ఇప్పటి మహారాష్ట్రలో విదర్భ వైపు) సంగతి కూడా చదువుకో. కంటింజెంట్ సైన్యం బాకీ కింద 1853లో బేరార్‌ని కంపెనీ చేతికి అప్పగించారు. 1902లో కర్జన్ దాన్ని ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు చేసుకున్నాడు. పేరు నిజాందే. ఆయన పెద్దకొడుక్కి తర్వాత "బేరార్ ప్రిన్స్" అని బిరుదు కూడా ఇచ్చారు. బిరుదు మిగిలింది, బేరార్ మిగల్లేదు.

---

గ్రూప్2_ఫైనల్‌అటెంప్ట్:

తమ్ముడూ, ఇంత లోతుకి పోతే జాబ్ రాదు. విస్తరణ అంటే భూమి. ఆధిపత్యం అంటే ప్రభావం. సామ్రాజ్యవాదం అంటే రెండూ. మూడు లైన్లు, ఒక మ్యాప్ గీసెయ్. ఆరు మార్కులు గ్యారంటీ.

---

మిర్యాలగూడ_దస్తావేజు:

తమ్మీ, నేను మిర్యాలగూడలో దస్తావేజులు రాస్తాను. చరిత్ర చదవలేదు. కరోనా అప్పుడు ఆఫీసు మూతపడితే ఏం తోచక, మావాడు ఫోన్‌లో పెట్టిచ్చిన అమెరికా ఒప్పందాలన్నీ కూర్చుని చదివాను. కాగితం ఏ దేశానిదైనా కాగితమే కదా.

నువ్వు "1803లో కొన్నారు" అని ఒక్క లైన్‌లో తేల్చేశావు. ఆ లూసియానా కేసు నా బల్ల దగ్గరికి వస్తే నేను మాత్రం రాయను.

ఎందుకో చెప్తా. ముందు లింక్ డాక్యుమెంట్ చూడాలి. అమ్మేవాడు నెపోలియన్. ఆయనకు ఆ భూమి స్పెయిన్ నుంచి 1800లో రహస్య ఒప్పందంతో వచ్చింది. మూడోవాళ్లకు ఇవ్వనని స్పెయిన్‌కి మాట కూడా ఇచ్చాడు. మూడేళ్లు తిరక్కుండానే అమ్మేశాడు. ఎందుకమ్మాడు? హైతీలో బానిసలు తిరగబడ్డారు, పంపిన సైన్యం కొంత వాళ్ల చేతిలో, ఎక్కువ భాగం పచ్చజ్వరంతో పోయింది. పైగా ఇంగ్లండ్‌తో యుద్ధం ముంచుకొస్తోంది, పైసలు కావాలి. ఇక నాలుగు హద్దులు చూడు. ఏ దిక్కుకీ హద్దు పేరు లేదు. "స్పెయిన్ చేతిలో ఎంతుందో అంత" అని రాసుకున్నారు! హద్దెక్కడా అని అమెరికావాళ్లు ఫ్రెంచి మంత్రి తాలెరాన్‌ని అడిగితే, మంచి బేరమే దొరికింది, మీకు చేతనైనంత రాబట్టుకోండి అన్నట్టు జవాబిచ్చాడు. మన దగ్గర ఇట్లాంటి కాగితం పట్టుకొస్తే సబ్ రిజిస్ట్రార్ మొహాన కొడతాడు. కోటిన్నర డాలర్లకు ఇరవై ఒక్క లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఎకరం మూడు సెంట్లు. ఇట్లా దేశాన్ని కొనే అధికారం రాజ్యాంగంలో ఉందా అని కొన్న జెఫర్సన్‌కే అనుమానం. అయినా కొన్నాడు.

అసలు సంగతి వేరే ఉంది. పాత పహాణీ చూశావా ఎప్పుడన్నా? అందులో పట్టాదారు కాలమ్ వేరు, అనుభవదారు కాలమ్ వేరు. పట్టా ఒకరిది, కాస్తులో ఉన్నది ఇంకొకరు. లూసియానాలో పట్టాదారు కాలమ్‌లో స్పెయిన్ పోయి ఫ్రాన్స్, ఫ్రాన్స్ పోయి అమెరికా వచ్చాయి. అనుభవదారు కాలమ్‌లో ఒసేజ్‌లు, సూ తెగవాళ్లు, ఇంకా ఎన్నో తెగలు తరతరాలుగా ఉన్నారు. వాళ్లనెవరూ అడగలేదు. అంటే కోటిన్నర పెట్టి కొన్నది భూమిని కాదు, "ఈ భూమి మీద మేమే చేయి వేస్తాం, ఇంకే యూరప్ రాజూ వేయకూడదు" అనే హక్కుని. అనుభవదారుల్ని తర్వాత ఒక్కో ఒప్పందం రాసుకుని, ఎక్కడ కుదరకపోతే అక్కడ పటాలం పెట్టి, ఖాళీ చేయించారు.

సూ తెగకు 1868లో ఫోర్ట్ లారమీ దగ్గర ఒప్పందం రాసిచ్చారు, బ్లాక్ హిల్స్ కొండలు మీవేనని. 1874లో అక్కడ బంగారం బయటపడింది. 1877లో ఆ కొండలు గుంజుకున్నారు. 1980లో వాళ్ల సుప్రీంకోర్టే తప్పని తేల్చి, పదిన్నర కోట్ల డాలర్ల దాకా ఇవ్వమంది. సూవాళ్లు తీసుకోలేదు. మాకు కొండలు కావాలి, పైసలొద్దు అన్నారు. ఆ సొమ్ము అట్లనే మిత్తి పెరిగి వంద కోట్ల డాలర్లు దాటింది. మన దగ్గర రిజర్వాయర్ కింద భూమి పోయినోళ్లు చెక్కు తీసుకోకపోతే కోర్టులో డిపాజిట్ చేస్తారే, అట్లాంటిదే. డిపాజిట్ చేశాక ఆఫీసర్లు నిద్రపోతారు, రైతు నిద్రపోడు.

మెక్సికో యుద్ధం పక్కా గెట్టు పంచాయితీ. టెక్సాస్ హద్దు న్యూసెస్ నది అని మెక్సికో, కాదు రియో గ్రాండే అని అమెరికా. మధ్య జాగలోకి అధ్యక్షుడు పోల్క్ సైన్యాన్ని పంపాడు, కాల్పులు జరిగాయి. మా నేల మీద మా రక్తం చిందించారని 1846లో అమెరికా కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) చేత యుద్ధం ప్రకటింపజేశాడు. మరుసటి ఏడాది లింకన్ అందులోకి కొత్తగా వచ్చిన సభ్యుడు. ఆ రక్తం ఏ జాగలో పడింది, చోటు చూపించమని తీర్మానాలు పెట్టాడు. పంచనామా అడిగాడన్నమాట! ఎవరూ చూపించలేదు. 1848 ఫిబ్రవరి 2న శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దానికి తొమ్మిది రోజుల ముందే కాలిఫోర్నియాలో బంగారం దొరికింది, సంతకం పెట్టినవాళ్లకు ఇంకా కబురందలేదు. ఆ సంతకంతో, అప్పటికే పోయిన టెక్సాస్‌తో కలిపి మెక్సికో సగానికి పైగా నేల పోగొట్టుకుంది. దానికీ కోటిన్నర డాలర్లే ఇచ్చారు. పైసలిచ్చారు కాబట్టి కొన్నట్టే అంటారా మీ రూమ్మేట్? ఇంట్లో దూరి, బల్ల మీద చెక్కు పెట్టి పోయినా అది కొనడం కాదు.

అక్కడున్న మెక్సికన్ రైతుల పట్టాలు కాపాడతామన్న ఒక నిబంధనను అమెరికా సెనేట్ కొట్టేసింది. 1851లో ఒక చట్టం చేసి, ఎవరి భూమి వాళ్లదని రుజువు చేసుకోండి అన్నారు. ఏళ్ల తరబడి కేసులు. వకీళ్ల ఫీజుకే ఎన్నో భూములు పోయాయి. ఇది మీకు చెప్పనక్కర్లేదు, చుట్టాల్లో ఒక్కరికైనా ఇట్లాంటి కేసు ఉండే ఉంటుంది.

ఇక సార్ చెప్పిన బేరార్‌కి అన్నదమ్ముడిలాంటి కౌలు ఒకటుంది. క్యూబాని కలుపుకోబోమని 1898లో అమెరికా కాంగ్రెస్ చట్టంలోనే రాసింది. మాట తప్పలేదు, కలుపుకోలేదు. కానీ 1901లో ప్లాట్ సవరణ అని పెట్టి, అవసరమైతే మేం వచ్చి జోక్యం చేసుకుంటాం అని క్యూబా రాజ్యాంగంలోనే రాయించింది. 1903లో గ్వాంటనామో రేవు కౌలు. 1934లో మళ్లీ రాసుకున్నదాని ప్రకారం ఇద్దరూ ఒప్పుకుంటేనో, అమెరికా తనంతట తాను వదిలి పోతేనో తప్ప కౌలు ముగియదు. ఏడాదికి నాలుగు వేల పైచిలుకు డాలర్లు. మన దగ్గర ఒక మడిగె కిరాయి. క్యాస్ట్రో వచ్చాక మొదట్లో ఒక్క చెక్కు మార్చుకున్నారు, మళ్లీ మార్చుకోలేదు.

కాబట్టి తమ్మీ, నా లెక్క ఇది. పట్టా వాడి పేరు మీదికి మారితే విస్తరణ. పట్టా నీ పేరు మీదనే ఉండి, బోరు ఎక్కడ వేయాలో, పంట ఎవరికి అమ్మాలో వాడు చెబితే పెత్తనం.

---

డాలస్‌లో_సూర్యాపేట:

దస్తావేజు అన్నా, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. పడి పడి నవ్వారు, చెక్కు దగ్గర మాత్రం నవ్వలేదు. కానీ చివరి లెక్కతో నాకు పేచీ ఉంది.

నేను టెక్సాస్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ ఆర్లింగ్టన్‌లో సిక్స్ ఫ్లాగ్స్ అని జెయింట్ వీల్స్ పార్కు ఉంది. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు మా పెద్దది అడిగింది, ఆరు జెండాలేంటమ్మా అని. స్పెయిన్, ఫ్రాన్స్, మెక్సికో, టెక్సాస్ రిపబ్లిక్, కాన్ఫెడరసీ, అమెరికా అని చదివి చెప్పాను. ఇక్కడి మూలవాసులు కొమాంచీలది, కాడోలది అందులో లేదు. వాళ్లకి జెండా లేదు కదా మమ్మీ అంది. అవును, లేదు.

టెక్సాస్ కథ మన కౌలు కథే. 1820లలో జనం లేరని మెక్సికోయే అమెరికా రైతుల్ని పిలిచి భూములిచ్చింది. వాళ్లు పత్తి కోసం బానిసల్ని వెంట తెచ్చుకున్నారు. 1829లో మెక్సికో బానిసత్వం రద్దు చేసింది. గొడవ పెరిగింది. 1836లో వేరే దేశం అన్నారు, 1845లో అమెరికాలో కలిశారు. కౌలుకొచ్చినవాళ్లు పట్టాదారులయ్యారు.

నా పేచీ ఇదీ. మీరు పెత్తనాన్ని, పట్టాని రెండు వేరు కాలమ్‌లు చేశారు. చాలాచోట్ల అవి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1803లోనే, లూసియానా కొనడానికి కొన్ని నెలల ముందు, జెఫర్సన్ ఇండియానా గవర్నర్ హారిసన్‌కి ఉత్తరం రాశాడు. మూలవాసుల పెద్దల్ని మన దుకాణాల్లో అప్పులపాలు కానిద్దాం, తీర్చలేనంత అయ్యాక భూములు వదులుకోవడానికి వాళ్లే ఒప్పుకుంటారు, అదీ సారాంశం. ముందు అప్పు, తర్వాత భూమి! మా తాతమ్మ చెప్పే షావుకారు కథకీ దీనికీ తేడా ఏముంది?

హవాయి కూడా అంతే. 1875లో చక్కెర మీద సుంకం లేని ఒప్పందం చేశారు. దీవుల బతుకంతా అమెరికా బజారు మీద ఆధారపడింది. 1887లో తోటల యజమానులు తుపాకులు చూపించి రాజు చేత కొత్త రాజ్యాంగం మీద సంతకం పెట్టించారు. 1893లో లిలియువొకలాని రాణిని దించేశారు, 1898లో కలుపుకున్నారు. వందేళ్లకి, 1993లో, అమెరికా కాంగ్రెస్ క్షమాపణ తీర్మానం చేసింది. క్షమాపణే, దీవులు కాదు. అక్కడ పెత్తనం ముందు, పట్టా తర్వాత. కాబట్టి అది కాదు ఇది అని గీత గీస్తే సగం కథ పోతుంది.

ఇంకో మాట, చెప్పాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. కోదాడ, సూర్యాపేట నుంచి మేమంతా వీసా లైన్లో నిలబడి, చిలుకూరు బాలాజీకి నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి మరీ వచ్చాం. మమ్మల్ని ఎవరూ కట్టి తేలేదు. ఆధిపత్యంలో ఒప్పుకోలు కూడా ఉంటుందంటారు చూడు, దాని గురించి నేను ఎక్కువ మాట్లాడకపోవడమే మంచిది.

---

మిర్యాలగూడ_దస్తావేజు:

అక్కా, ఒప్పుకుంటున్నాను. మా తాత కాలంలో ముందు నాగు గింజలు తెచ్చుకునేవాళ్లు, పంటకి అది ఒకటికి ఒకటిన్నర, రెండు అయ్యేది. పొలం దొర పేరు మీదికి మారేది ఆ తర్వాత. మారే రోజున కొత్తగా ఏమీ జరిగేది కాదు, అప్పటికే అంతా అయిపోయి ఉండేది. నా లెక్కలో అది వదిలేశాను.

---

వనపర్తి_సోషల్‌సార్:

అమ్మా, బాగా చెప్పావు. అయితే వెనక నుంచి ముందుకు జరిగింది కూడా ఉంది, అది ఫిలిప్పీన్స్. 1898లో స్పెయిన్‌కి రెండు కోట్ల డాలర్లిచ్చి పట్టా తీసుకున్నారు. అప్పటికే స్పెయిన్ మీద పోరాడుతున్న అక్కడి జనం మాకెవరి పట్టా వద్దన్నారు. 1899 నుంచి ఘోరమైన యుద్ధం నడిచింది. 1946 జూలై 4న స్వాతంత్ర్యం ఇచ్చారు, తమ పండగ రోజే చూసి మరీ! పట్టా తిరిగిచ్చారు గానీ సైనిక స్థావరాలు 1992 దాకా ఉంచుకున్నారు. అక్కడ పట్టా ముందు, పెత్తనం తర్వాత.

ఇంకొకటి. పట్టాల్లో కూడా రెండు రకాలున్నాయి బాబూ, ఇది జవాబులో తప్పక రాయి. 1787 నాటి చట్టం ప్రకారం కొత్త ప్రాంతంలో అరవై వేల మంది స్వేచ్ఛా జనం చేరితే, పాత రాష్ట్రాలతో సమానంగా కొత్త రాష్ట్రం అవ్వొచ్చు. ఒహాయో అట్లాగే అయింది. ఇది బ్రిటిష్‌వాళ్లు మనకెప్పుడూ ఇవ్వని మాట. ఆ సమానత్వం వచ్చి స్థిరపడ్డవాళ్లకే, ముందునుంచీ ఉన్నవాళ్లకు కాదు, అది వేరే సంగతి. 1898 దీవుల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట కూడా ఆగిపోయింది. ప్యూర్టోరికోవాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులు. ముప్ఫై లక్షల పైచిలుకు జనం. ఆ దీవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడికి ఓటు వేయలేరు. ప్రతినిధుల సభలో ఒక్క మనిషి ఉంటాడు, ఆయనకు తుది ఓటు లేదు. దీన్ని విస్తరణ అంటావా, ఆధిపత్యం అంటావా? దీనికి మన పాత మాటే సరిపోతుంది, వలసరాజ్యం.

గ్రీన్‌లాండ్ సంగతి ఈ మధ్య పేపర్లో చూస్తూనే ఉన్నారు కదా. 1946లోనే ట్రూమన్ ప్రభుత్వం డెన్మార్క్‌కి పది కోట్ల డాలర్ల బంగారం ఇస్తామంది, వాళ్లు అమ్మలేదు. 1951 ఒప్పందంతో అక్కడ అమెరికా స్థావరం వచ్చేసింది, ఇప్పటికీ ఉంది. కావలసిన పని జరుగుతూనే ఉండగా మళ్లీ పట్టా కూడా కావాలని ఎందుకు అడుగుతున్నారో, ఆ ప్రశ్న నాకు నీ పది మార్కుల ప్రశ్న కంటే ఆసక్తిగా ఉంది.

---

ఎడమకాలువ_హాలియా:

సార్, అక్కా, దస్తావేజు మామా, అందరికీ థ్యాంక్స్. రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. ఈసారి సంవత్సరాల పట్టిక వదిలేసి నాలుగు చోట్లే పెట్టాను. లూసియానా, హవాయి, క్యూబా, ఫిలిప్పీన్స్. ఎవరి పేరు మీదికి మారింది, ఎవరి మాట చెల్లింది, ఏది ముందు జరిగింది అని ఒక్కోదాన్నీ అడుగుతూ పోయాను. ఒకటిన్నర పేజీలో అయిపోయింది. రూమ్మేట్ చదివి, "మరి కాకతీయులు?" అన్నాడు. వాడి బాధ వాడిది.

నిన్న ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ రెండెకరాల సంగతి నాన్నని అడిగాను. "ఆయనే వచ్చి అడిగిండు, నేను పిల్వలేదు" అన్నాడు. కాసేపాగి, "వాళ్ల కొడుకు ఇప్పుడు మన తోటకే కాయ కోతకొస్తడు గదా, వచ్చినప్పుడు నువ్వే అడుగు" అన్నాడు. నేనేం అడగను?

---

మిర్యాలగూడ_దస్తావేజు:

తమ్మీ, అది సరే. ఆ రెండెకరాలు రిజిస్ట్రేషన్ అయ్యాయా, తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామానా?

---

ఎడమకాలువ_హాలియా:

సాదాబైనామానే మామా. 2020లో దరఖాస్తు పెట్టాం. ఇంకా ఆయన పేరు మీదనే ఉంది.

---

మిర్యాలగూడ_దస్తావేజు:

రేపు తెల్లకాగితం ఫొటో తీసి పంపు. 2009 పహాణీ నకలు ఉంటే అది కూడా. అనుభవదారు కాలమ్‌లో ఎవరి పేరుందో ముందు చూడాలి.